గంగమ్మవీధి తలుపులు

గౌరి విజయనగరంలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఎన్నికలొస్తే నాయకుల నవ్వుమొహాలు. పగలంతా మొహాలకు మెరుగులు దిద్దడమే పని కాబట్టి ఇంటికొచ్చాక ఆమె మనిషి బొమ్మ గీసేది కాదు. గోడలు గీసేది. పెచ్చులూడిన సున్నపు గోడలు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీ చువ్వలు, అరిగిన మెట్లు, నీలం తలుపులు. కంప్యూటర్లో అన్నీ చిన్నచిన్న చదరాలుగా గీసేది. గేములు తయారుచేసేవాళ్ళు అలాంటి చదరాలు తీసుకుని, పక్కపక్కన పేర్చి ఊళ్ళు కడతారు. ఒకే గోడముక్కతో గుడిసైనా లేస్తుంది, కోటైనా లేస్తుంది.

ఆమె గీసినవన్నీ ఒకే వీధివి. కళింగపట్నం దాటి ఉత్తరంగా వెళ్తే సముద్రం ఒడ్డున పాతరేవు అనే ఊరు, అందులో గంగమ్మవీధి. ఇప్పుడా వీధి లేదు. ఒక్క తుపానుకు పోయింది కాదు. పక్కన పడుకున్నవాళ్ళు నిద్రలో దుప్పటి లాక్కున్నట్టు సముద్రం ఏటేటా కొంచెం లోపలికి లాక్కుంది. ముందు పడవలు లాగిపెట్టే ఇసుక పోయింది. తర్వాత సరుగుడు తోట. తర్వాత గంగమ్మ గద్దె. ఒక వానాకాలం నీళ్ళు మెట్ల కిందికి వచ్చాయి. జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని లోపల కట్టిన ప్రభుత్వ కాలనీకి వెళ్ళిపోయారు. మరుసటేడు గోడలు కూడా లేవు. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మెట్ల రాళ్ళు కనబడతాయని కొందరంటారు. అవి మామూలు రాళ్ళేనని మరికొందరంటారు.

గౌరి అప్పటికే చదువు కోసం ఊరు దాటేసింది, సెలవులకు మాత్రం వచ్చిపోయేది. వీధి ఫోటో ఒక్కటి కూడా సరైనది ఆమె దగ్గర లేదు. ఉన్న ఫోటోల్లో మనుషులే ముందు నిలబడ్డారు, వాళ్ళ వెనక ఇంత గోడ, ఇంత ఆకాశం. అందుకని గుర్తున్నంత గీసుకుంటూ వెళ్ళింది. గీసినకొద్దీ గుర్తొచ్చింది. ఎవరి గోడకు ఏ వైపు చెమ్మ ఎక్కేదో, ఏ మెట్టు మీద కాలు జారేదో చేతికే తెలుస్తున్నట్టు ఉండేది.

గేములకు కావలసిన బొమ్మలూ శబ్దాలూ ఊరికే పంచుకునే సైటు ఒకటుంది. గౌరి తన వీధిని అందులో పెట్టింది. పెట్టేటప్పుడు ఏ లైసెన్సు మీద ఇస్తున్నారని ఆ సైటు అడుగుతుంది. నా పేరు చెప్పి వాడుకోండి అనొచ్చు. అమ్ముకోవద్దు అనొచ్చు. చిట్టచివర సీసీ జీరో అని ఒకటుంటుంది. దీని మీద నాకే హక్కూ అక్కర్లేదు, ఎవరైనా ఎలాగైనా వాడుకోండి, నా పేరు కూడా అక్కర్లేదు అని దాని అర్థం. ఒకసారి అలా ఇచ్చేస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు. గౌరి దాన్నే నొక్కింది. వీధి తను కట్టింది కాదు కదా, దాని మీద తన పేరెలా వేసుకుంటుంది? సైటులో తన అసలు పేరు కూడా పెట్టుకోలేదు.

తర్వాత ఆ వీధి ప్రపంచం మీదకి తిరగడానికి వెళ్ళింది.

ఎవరో దాన్ని మేఘాల మీద కట్టారు. గంగమ్మవీధి మెట్లు దిగితే కింద నేల లేదు, పక్షులు ఎగురుతున్నాయి. ఇంకెవరో అందులో పిల్లుల్ని కాపురం పెట్టారు. తెల్ల పిల్లి అరుగు మీద కూర్చుని చేపలు అమ్ముతోంది. ఒక గేములో వీధంతా నీళ్ళ అడుగున ఉంది. కిటికీల్లోంచి చేపలు వచ్చి పోతున్నాయి, మెట్ల మీద నాచు మెల్లగా ఊగుతోంది. కట్టినవాడికి పాతరేవు సంగతి ఏం తెలుస్తుంది, అందంగా ఉంటుందని అలా కట్టాడు. గౌరి ఆ గేము ఆడలేకపోయింది. అలా అని మూసెయ్యనూ లేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ నీళ్ళు కదలడం చూస్తూ కూర్చుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా ఇంకో గేము దొరికింది. ఎస్టోనియా అనే చలిదేశంలో మార్ట్ అనే అతను ఒక్కడే కూర్చుని తయారుచేసినది. అందులో ఒక అమ్మాయి లాంతరు పట్టుకుని ఊరంతా తిరుగుతుంది, చేసేది అంతే. ఊరు గంగమ్మవీధే, కాకపోతే మంచు పడుతోంది. మెట్ల మీద మంచు, నీలం తలుపుల మీద మంచు. గౌరి లాంతరు అమ్మాయిని నడిపించుకుంటూ వీధి చివరకు వెళ్ళింది. అక్కడ పొగమంచులో సముద్రం. అల వచ్చి విరిగిన చప్పుడు వినగానే ఆమె వీపు నిటారుగా అయింది. అలల చప్పుడు ఎక్కడైనా ఒకటే అనుకుంటాం గానీ, ఆ అల ఇసుక మీద విరిగింది కాదు. రాతిమెట్టుకు తగిలి, వెనక్కి జారుతూ గులకరాళ్ళను దొర్లించింది. ఆ వెంటనే పొగమంచులోంచి ఒక ఆడగొంతు లేచింది.

"హుష్! పోండి, పోండి! మీ బాబు ఆరబెట్టినాడేటి ఇవి?"

అది తాతమ్మ గొంతు. తాతమ్మ అన్నది ఆవిడ పేరే, గౌరి తండ్రికి అక్క, గౌరికి మేనత్త. పొద్దున్నే వీధి చివర ఎండుచేపలు పరిచి, కాకుల్ని తోలుతూ కూర్చునేది. ఇప్పుడు కాలనీలో ఉంటోంది.

గేము కింద ఆడినవాళ్ళ అభిప్రాయాలు ఉన్నాయి. ఆ గొంతు తమకెంతో ఓదార్పుగా ఉందని ఒకరు రాశారు. అది సముద్రమాత పాత భాషలో ఇచ్చే దీవెన అయ్యుంటుందని ఇంకొకరు. నిద్ర పట్టనప్పుడు అక్కడిదాకా నడిచి వెళ్ళి, ఆ దీవెన విని పడుకుంటానని మరొకరు. గౌరి ఒక్కతే గదిలో పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక మళ్ళీ వీధి మొదటికెళ్ళి, మళ్ళీ చివరిదాకా నడిచింది. అత్త మళ్ళీ అరిచింది.

ఈ శబ్దం ఎక్కడిది? గేము చివర పేర్ల పట్టీ చూసింది. బొమ్మలు అన్నచోట, పేరు తెలియని ఒక దాతవి అని ఉంది. శబ్దం అన్నచోట ఉంది: 'తెల్లవారుజాము సముద్రం, ఫిన్నీ, రాజాం.'

రాజాం అంటే విజయనగరం నుంచి బస్సెక్కితే పోయే ఊరు.

సైటు ద్వారానే ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాక, గౌరి ఒక సెలవునాడు రాజాం వెళ్ళింది. ఫిన్నీది పెళ్ళిళ్ళకూ సభలకూ మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు. ముప్ఫై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు, మాట్లాడుతూ మధ్యలో ఆగి ఏదో వింటున్నట్టు ఉంటాడు. పాతరేవులో చిన్న చర్చి ఉండేదని, అక్కడ సువార్త సభలకు మైకు కట్టడానికి వెళ్ళినప్పుడు ఉదయాన్నే లేచి, రికార్డరు అరుగు మీద పెట్టి సముద్రాన్ని పట్టానని చెప్పాడు. ఆ తర్వాతి ఏడే అరుగు పోయింది. ఆ సంగతి అతనికి గౌరి చెప్పేదాకా తెలియదు.

తన శబ్దాలన్నీ అతను ఒకటే షరతు మీద ఇచ్చాడు, ఎవరు వాడుకున్నా పేరు చెప్పాలి. ఎందుకలా అని గౌరి అడిగితే కొంచెం సిగ్గుపడ్డాడు. పెళ్ళి శుభలేఖలో సన్నాయి వాళ్ళ పేరైనా వేస్తారట, సభ కరపత్రంలో ప్రార్థన చేసేవాళ్ళ పేర్లు వేస్తారట, మైకు కట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా పడదట. ఒక్కసారి ఎక్కడైనా చూసుకుందామని అనిపించిందట.

"మీరు పేరు చెప్పమన్నారు కాబట్టే నేను ఇక్కడికి రాగలిగాను. నన్ను ఎవరైనా వెతుక్కుంటూ రావాలంటే దారే లేదు" అంది గౌరి.

ఆ గొంతు ఎవరిదో కూడా చెప్పింది. ఫిన్నీ చేతిలో టీగ్లాసు కిందపెట్టాడు. రికార్డింగులో ఎవరో ఆవిడ కేక ఉందని తెలుసు, బాగుందని ఉంచేశాడు. ఆవిడ ఒక మనిషని, ఆవిడకొక పేరుందని, ఇన్నాళ్ళూ తట్టలేదు.

"సముద్రాన్ని అడగక్కర్లేదు అనుకున్నానండి. ఆవిణ్ణి అడగాలి కదా" అన్నాడు. సైటులోంచి తీసేస్తానన్నాడు. తీసేసినా, ఇప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర ఉండనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ముందు ఆవిణ్ణే అడుగుదాం అని గౌరి అంది.

మరో ఆదివారం ఇద్దరూ పాతరేవు కాలనీకి వెళ్ళారు. అక్కడ ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే కొలత. సముద్రం కనబడదు, గాలి తిరిగినప్పుడు వినబడుతుంది. తాతమ్మ ఇంటిముందు చాప వేసుకుని కూర్చుంది. గౌరి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి మార్ట్ గేము తెరిచింది. తాతమ్మ కళ్ళు చిట్లించి ముందుకు వంగింది. తర్వాత తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క ఇంటినీ తాకుతూ, ఇది జోగయ్యోళ్ళది, ఇది పద్మకుమారోళ్ళది, ఇది మనది అని మెల్లగా చదువుకున్నట్టు చెప్పింది.

"ఈ తెల్లదేటి? ఉప్పా?"

"మంచత్తా. చలిదేశం ఆయన కట్టుకున్నాడు."

"గంగమ్మవీధిలో మంచు పడతన్నాదా" అని ఆవిడ నమ్మలేనట్టు చూసింది. అంతలోనే అల విరిగింది, తన గొంతు తనకే వినబడింది. తాతమ్మ చప్పున వెనక్కి తిరిగి చూసింది, వెనక ఎవరో ఉన్నట్టు. ఎవరూ లేరు. మళ్ళీ వినిపించమంది. ఈసారి కళ్ళు మూసుకుంది. కాకుల కేకలకు వెనకాల బోరింగు కొడుతున్న చప్పుడు కూడా ఉంది. గౌరి ఇన్నిసార్లు విన్నా అది పట్టించుకోలేదు.

ఫిన్నీ జరిగింది చెప్పాడు. అడక్కుండా పట్టానని, ఊరికే పంచుకునే చోట పెట్టానని, వద్దంటే తన దగ్గర తీసేస్తానని, మార్ట్‌కి కూడా రాసి తీయించమని అడుగుతానని. అక్కడివాళ్ళు దాన్ని సముద్రమాత దీవెన అనుకుంటున్నారని గౌరి చెప్పింది.

తాతమ్మ నోటికి చెంగు అడ్డుపెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఇద్దరికీ తెలియలేదు. చెంగు తీసి, "ఉండనీ బాబూ" అంది ఫిన్నీతో. "దీవెన అనుకోనీ. కాకుల్ని తోలినానని మాత్రం సెప్పకండి."

అక్కడితో వచ్చిన పని అయిపోయినట్టే. కానీ తాతమ్మ తెర వైపు చూడటం మానలేదు. మొహం మెల్లగా మారింది.

"కోడలా, అన్ని తలుపులూ మూసీసినావేటే? పగటేల మనూళ్ళో తలుపు మూసుకున్నదెవులు?"

తలుపు మూసి ఉంటే ఒక్క చదరంతో సరిపోతుంది. తెరిచి ఉంటే లోపల గది గీయాలి, గదిలో ఏముందో తెలియాలి. అదే చెప్పింది. వీధిలో ఆడుకుంది గానీ ఎవరింట్లో ఏముండేదో తనకి నిలకడగా గుర్తులేదంది.

"గుర్తునేకపోతే అడగాల" అంది తాతమ్మ. అని తన ఇల్లు చెప్పడం మొదలుపెట్టింది. గుమ్మం దాటగానే ఎడమచేతి పక్క వల వేలాడేది, దాని కింద పిల్లి పడుకునేది. దూలానికి కట్టిన ఉట్టి. ఉట్టిలో ఏముండేదో చెప్పకుండా నవ్వింది. వెనక కిటికీలోంచి పొద్దున్న వెలుగు గోడ మీద పడి, నీళ్ళ నీడలు కదిలేవట. పడుకుని చూస్తే ఇల్లే పడవలా తేలుతున్నట్టు ఉండేదట. గౌరి ఒక కాగితం మీద గబగబా గీసుకుంటోంది.

చాప చుట్టూ జనం చేరారు. తెర మీద తమ ఇంటిని చూసుకున్నవాళ్ళు చూసుకున్నట్టే కూర్చుండిపోయారు. పద్మకుమారి అనే ఆవిడ, తను పెళ్ళై వచ్చిన రోజు ఆ ఇంటి గోడకు వేసిన చిలకాకుపచ్చ రంగు చేత్తో గాలిలో చూపించింది, రంగు చేత్తో చూపించగలిగినట్టు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డుపడి, అద్దం ఆ గోడకి కాదు ఈ గోడకి అన్నారు. కాసేపటికి కాలనీలో ఉన్నవాళ్ళు ఎవరూ కాలనీలో లేరు.

జోగయ్య ఒక్కడూ దూరంగా నిలబడి విన్నాడు. గౌరి లేచి వెళ్ళి అడిగింది. ఆయన భార్య ఆ ఇంట్లోనే పోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాది వద్దమ్మా. లోపల నాకొక్కడికే ఉండనీ."

గౌరి సరేనంది.

ఆ వానాకాలమంతా గౌరి తలుపులు తెరుస్తూ కూర్చుంది. ఇటు షాపులో నాయకుల మొహాలు, అటు ఇంట్లో ఉట్లు, అద్దాలు, వలలు, గోడ మీద నీళ్ళ నీడలు. ఫిన్నీ వీలైనప్పుడల్లా కాలనీకి వెళ్ళి శబ్దాలు పట్టాడు. వల అల్లే కండె చప్పుడు, చేపల బుట్ట కిందపెట్టిన చప్పుడు, నిద్రపోతున్నవాళ్ళ ఊపిరి. ప్రతిసారీ ముందు అడిగాడు. పట్టాక వాళ్ళకే మొదట వినిపించాడు. ఊపిరి ఇచ్చినావిడ తన ఊపిరి విని, ఇదేటి, నాను ఇంత నిమ్మళంగా పడుకుంటానా అని ఆశ్చర్యపోయింది.

అన్నీ అయ్యాక లైసెన్సు దగ్గర ఇద్దరికీ మాట కుదరలేదు. గౌరి ఎప్పటిలాగే జీరో అంది. పేరెందుకు, వీధి ఎలా తిరగాలనుకుంటే అలా తిరగనీ అంది. ఫిన్నీ మెల్లగానే చెప్పినా పట్టు వదలలేదు. ఈసారి ఇది ఒక్క గౌరి జ్ఞాపకం కాదు, అందరూ నోరు విప్పి ఇచ్చినది, ఎక్కడిదో తెలియకుండా పోకూడదన్నాడు. పాత చదరాలను ఎలాగూ ఎవరూ కట్టిపడెయ్యలేరు, అవి జీరోగానే ఉంటాయి, కొత్తవాటికి మాత్రం పేరు ఉండాలన్నాడు. ఎవరి పేరని ఆమె అడిగింది. చివరికి తాతమ్మకు ఫోను చేశారు. ఆవిడ విషయం సగం విని తేల్చేసింది.

"నా పేరొద్దు, మీ పేర్లొద్దు. వీధి పేరు సెప్పమను. అది సెప్పి ఏటైనా సేసుకోమను."

అలాగే పెట్టారు. ఎవరు వాడుకున్నా, 'గంగమ్మవీధి, పాతరేవు' అని రాయాలి. అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, మంచులో పెట్టొచ్చు, మేఘాల మీద పెట్టొచ్చు. జోగయ్య ఇంటికి మాత్రం తెరిచిన తలుపు గీయలేదు. ఫిన్నీ తన పేరు పోయినందుకు బాధపడ్డాడేమోనని గౌరి అతని మొహం చూసింది. అతను ఆ రెండు మాటలూ పైకి చదువుకుంటున్నాడు, మైకు సరిచూసుకునేటప్పుడు చదివినట్టు.

మార్ట్‌కి గౌరి స్వయంగా రాసింది, ఆ పేరు తెలియని దాత తనేనని, ఇప్పుడు తలుపులు తెరిచిన వీధి కూడా ఉందని. అతని దగ్గర్నుంచి పెద్ద జవాబొచ్చింది. తను పుట్టిన దీవిలో కూడా ఇళ్ళు ఖాళీ అయ్యాయట, ఆ వీధి మొదటిసారి చూసినప్పుడు ఎందుకో అక్కడ తన వాళ్ళ అడుగుల చప్పుడు వినబడిందట. వీధి పేరు తెలుగు అక్షరాల్లో ఎలా రాస్తారో పంపమన్నాడు. ఆ గొంతు అనే మాటలకు అర్థమేమిటని అడిగాడు. గౌరి కాస్త ఆలోచించి, తను ఆరబెట్టుకున్నదాన్ని కాపాడుకుంటున్న ఒక ఆవిడ మాట అని రాసింది. అబద్ధం కాదు.

కార్తీకమాసం చివర్లో మార్ట్ తన గేమును మార్చి విడుదల చేశాడు. ఇద్దరూ మళ్ళీ కాలనీకి వెళ్ళారు. ఈసారి తాతమ్మ ఇంట్లోపలే కూర్చుని, మీటలు ఆవిడ చేతికే ఇచ్చారు. లాంతరు అమ్మాయి మొదట గోడకు గుద్దుకుంది, తర్వాత తిన్నగా నడిచింది. మంచు పడుతూనే ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి, ఒక్కో గుమ్మంలోంచి పసుపుపచ్చటి వెలుగు బయట మంచు మీద పడుతోంది. తాతమ్మ తన గుమ్మం ముందు ఆగింది. లోపలికి వెళ్ళింది. ఎడమచేతి పక్క వల, వల కింద పిల్లి. గోడ మీద నీళ్ళ నీడలు కదులుతున్నాయి. ఎవరో నిమ్మళంగా ఊపిరి తీస్తున్నారు. తాతమ్మ మీట మీంచి వేలు తీసేసింది. ఇక ఎక్కడికీ నడవలేదు.

"సలి లోపలికొస్తాది, తలుపు జేరెయ్యి" అంది, ఎవరితోనో తెలియదు. గౌరి లేచి నిజం తలుపే దగ్గరికి వేసింది.

సాయంత్రం కాలనీ బయట బస్సు కోసం నిలబడ్డారు. వరి కోతలు మొదలయ్యాయి, గాలిలో పచ్చి గడ్డి వాసన. ఈ మధ్య ఇంకో నాలుగైదు గేముల్లో వీధి పేరు కనబడిందని, ఒకదాన్లో అక్షరాలు తలకిందులుగా పడ్డాయని గౌరి చెబితే ఫిన్నీ నవ్వాడు. వచ్చే ఏడు తొలకరికి శృంగవరపుకోట వెళ్తానన్నాడు. కొండ మీద పడిన వాన కిందికి వచ్చేసరికి ఎలా వినబడుతుందో పట్టాలని ఎప్పట్నుంచో ఉందట. కొండ కింద ఇళ్ళు పెంకులవా రేకులవా అని గౌరి అడిగింది. రెండూ ఉంటాయి, వాన రెంటి మీదా వేరే వేరేగా మాట్లాడుతుందన్నాడు.

"అయితే నేనూ వస్తాను. పెంకులు చూసి గీయాలి" అంది గౌరి.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఫిన్నీ ఆమెకు వదిలాడు.